శ్రీకాకుళం కొట్టుకి కూడా అమ్మ ముగ్గేనా, వేరే డిజైనా?

మూడులాంతర్లు: విజయనగరంలో మాది చీరల కొట్టు. సంచి, చీర పెట్టె, బిల్లు పుస్తకం, షట్టరు, అన్నిటి మీదా అమ్మ వేసిన చుక్కల ముగ్గే, మెరూన్ మీద తెలుపు. దసరాకి శ్రీకాకుళంలో రెండో కొట్టు తెరుస్తున్నాం. ఒకటే ముగ్గు బోరు కొడుతుంది, పండక్కో డిజైన్ మారుద్దాం, అక్కడి సంచికి సవర గిరిజనుల బొమ్మలు వేద్దాం అని డిజైనర్ అంటున్నాడు. నమూనాల ఫొటోలు పెట్టాను. మీరేమంటారు?

స్క్రీన్‌ప్రింట్ బాబాయ్: మార్చకు బాబూ. పల్లెల నుంచి వచ్చే ముసలాళ్లు బోర్డు చదవరు, సంచి చూసి "ముగ్గు కొట్టు" అంటారు. అయితే ఒకే ముగ్గంటే ఒకే సైజు కాదు. సంచి మీద పెద్దగా, బిల్లు మీద ఒక్క వరస, పెట్టెకి ఒక మూల చాలు. మారకూడనివి గీత మందం, చుక్కల ఎడం, ఆ రెండు రంగులు. నాన్ వోవెన్ సంచి మీద మరీ సన్న ఖాళీలు వదిలితే ఇంకు పాకి పూడిపోతాయి. కొట్టు పేరు వెనకాల మాత్రం ముగ్గు రానివ్వకు, పేరు కనపడదు.

పట్టంచు: నేనొప్పుకోను బాబాయ్. మా కొట్టుకి 8 ఏళ్లు ఒకే మామిడిపిందె వాడాం. పక్క వీధిలో ఒకాయన అదే పిందె, అదే ఆకుపచ్చ కొట్టించాడు. జనం ఆయన సంచి పట్టుకొచ్చి నన్ను చీర మార్చమనేవాళ్లు. సిరిమాను పండక్కి ఒకటి, సంక్రాంతికి ఒకటి వేస్తే, వాళ్లు కాపీ కొట్టేలోపు మనం మారిపోతాం.

స్క్రీన్‌ప్రింట్ బాబాయ్: లూయీ విటాన్ అని ఫ్రాన్స్ బ్యాగుల కంపెనీ, వాళ్ల గళ్ల డిజైన్‌నీ వేరేవాళ్లు కాపీ కొట్టారు. అందుకే వాళ్లు 1896లో అక్షరాలు, పూలు కలిపి మోనోగ్రామ్ తెచ్చారు. ఈరోజుకీ అదే వాడుతున్నారు, ఏడాదికొకటి మార్చుకోలేదు. నువ్వు ట్రేడ్‌మార్క్ చేయించావా?

ముగ్గులపిల్ల: అసలు ఫొటోలో ముగ్గే తప్పు. అది 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు, అంటే ఆరు మూలల ముగ్గు. డిజైనర్ దాన్ని చతురస్రంగా కోసి పక్కపక్కన అతికించాడు. అంచుల్లో చుక్కలు కలవట్లేదు. పక్క ముగ్గు సగం కిందికి దిగాలి, అప్పుడే తేనెపట్టులా కూర్చుంటాయి.

పట్టంచు: సంచి మీద చుక్కలు ఎవరు లెక్కపెడతారమ్మా?

ముగ్గులపిల్ల: ఆడవాళ్లు లెక్కపెడతారు. మీ దగ్గర చీరలు కొనేది ఎవరు?

సీతంపేటవైపు: సవర బొమ్మలు దయచేసి వద్దు. మా ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, దేవతల పేరున, పోయినవాళ్ల పేరున వేసేవి అవి. పండగ ఆఫర్ సంచి మీద వేస్తే రేపు కాలవలో తేలుతుంది. మాకెలా ఉంటుందో ఆలోచించండి.

మూడులాంతర్లు: నాకది తెలియదండీ, క్షమించండి. తీసేయిస్తాను.

పట్టంచు: అవి తీసేయండి, మంచిదే. కానీ అమ్మ ముగ్గని పట్టుకు వేలాడటం సెంటిమెంటు. వ్యాపారం కాదు.

మూడులాంతర్లు: అన్నా, మాట జాగ్రత్త. అమ్మ పోయి రెండేళ్లే అయింది.

పట్టంచు: తప్పే తమ్ముడూ, అనకూడదు. ఒకటి చెప్పలేదు. ఆ పిందె వేయించుకున్నది పరాయివాడు కాదు, మా అన్న. నాన్న పోయాక సరుకు, బీరువాలు, అప్పులు, అన్నీ వాటాలు రాసుకున్నాం. సంచి మీద పిందె ఎవరిదో రాసుకోలేదు. ఇద్దరం మాట్లాడుకోవడం లేదిప్పుడు. దేన్నీ అంత గట్టిగా పట్టుకోవద్దని నా బాధ.

మూడులాంతర్లు: నేనూ దాచాను అన్నా. శ్రీకాకుళం కొట్టు చూసేది మా తమ్ముడు. వేరే డిజైన్ అడిగింది వాడే. ఎప్పుడైనా వేరుపడితే తన గుర్తు తనకుండాలంట. ఆ మాటే నాకు మింగుడుపడటం లేదు.

ముగ్గులపిల్ల: మరి మొదటే అలా అడగాల్సింది కదా అన్నయ్యా.

స్క్రీన్‌ప్రింట్ బాబాయ్: ముగ్గు ఎవరిదో ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి బాబూ. అప్పటిదాకా సంచుల అచ్చుకి స్క్రీన్ తయారుచెయ్యను. మెరూన్ మాత్రం రెండు కొట్లకీ సరిపడా ఒకేసారి కలిపి పెడతాను. విడివిడిగా కలిపితే రంగు తేడా వచ్చేస్తుంది.