అప్‌డేట్: సోలార్ ట్యాంకు తెల్లారేసరికి చల్లబడే సమస్య తీరింది

పగలంతా బాగా వేడెక్కిన నీళ్లు తెల్లారేసరికి చల్లారిపోతున్నాయని, ఆ లోటు పూడ్చడానికి కరెంటు హీటర్ రాత్రంతా ఆన్ అవుతోందని అడిగాను కదా. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

"చీకటి పడ్డాక, పంపు ఆగి ఉన్నప్పుడు ప్యానెల్‌కి వెళ్లే పైపు పట్టుకుని చూడండి" అన్న సలహాతోనే గుట్టు తెలిసింది. పైపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది! ప్లంబర్ నాన్-రిటర్న్ వాల్వ్ (పైపులో నీళ్లు ఒకవైపుకే వెళ్లేలా చేసి, వెనక్కి పోకుండా ఆపేది) విప్పి చూస్తే, సున్నం పెచ్చు ఒకటి ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోవడం లేదు. దాంతో రాత్రిపూట ట్యాంకులోని వేడి నీళ్లు పంపు లేకుండానే పైనున్న ప్యానెల్‌లోకి ఎక్కి, అక్కడ చల్లారి మళ్లీ కిందికి దిగుతున్నాయి.

వాల్వ్ మార్చాక పొద్దున స్నానాలకు సరిపడా వేడి ఉంటోంది, ఎండ కాసిన రోజుల్లో హీటర్‌తో పనే లేదు. థర్మోస్టాట్, కాయిల్, ఇన్సులేషన్ అన్నీ బాగానే ఉన్నాయి. ట్యాంకే మార్చాలని కొందరన్నారు, ఆ అవసరం రాలేదు.