కంకషన్ అయిన మా అబ్బాయిని మళ్ళీ ఆడనివ్వాలా?

అందరికీ నమస్కారం. మేం షార్లెట్‌లో ఉంటాం. మా అబ్బాయికి పదహారేళ్ళు, హైస్కూల్ టీమ్‌లో లైన్‌బ్యాకర్, అంటే బంతితో దూసుకొచ్చేవాళ్ళని ఢీకొట్టి ఆపేవాడు. నేను చెప్పేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. పోయిన నెల ఒక మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కంకషన్ అయింది, అంటే మెదడు అదిరింది. రెండు రోజులు గదిలో లైటు వెయ్యనివ్వలేదు. అన్నం కలిపి పెడుతుంటే "అమ్మా, నేను ఇందాక తిన్నానా?" అని అడిగాడు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు ఆడొచ్చని డాక్టర్ చెప్పారు. నాకే ధైర్యం చాలడం లేదు.

వాడి గది గోడ మీద ల్యూక్ కీక్లీ పోస్టర్ ఉంది. అతనూ లైన్‌బ్యాకరే. మా ఊరి ప్రొఫెషనల్ జట్టు పాంథర్స్‌కి ఎనిమిది సీజన్లు ఆడి, మేటి ఆటగాళ్ళు ఆడే ప్రో బౌల్‌కి ఏడుసార్లు ఎంపికై, 2020 జనవరిలో 28 ఏళ్ళకే మానేశాడు. 2016లో సెయింట్స్‌తో మ్యాచ్‌లో దెబ్బ తగిలాక, బండిలో తీసుకెళ్తుంటే అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. క్రిస్ బోర్లాండ్ అనే ఇంకో ప్రొఫెషనల్ ఆటగాడైతే మెదడుకు ముప్పని ఒక్క సీజన్‌తోనే, 2015లో, 24 ఏళ్ళకి వదిలేశాడు.

ఇవన్నీ చెబితే మా వాడు "వాళ్ళు ఆడాకే కదా మానేశారు" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మీలో ఎవరి పిల్లలకైనా ఇలా జరిగిందా? మళ్ళీ పంపారా, మాన్పించారా? మాన్పిస్తే వాడు ఆ తర్వాత మీతో ఎలా ఉన్నాడు? డాక్టర్‌ని ఇంకా ఏమేం అడగాలి? సోమవారం నుంచి ప్రాక్టీస్. దయచేసి ఈలోపు రాయండి.