దీపావళికి ఎక్స్ఛేంజ్ విద్యార్థులు: నవంబర్ 12 పనుల పంపకం

కార్యక్రమ సమన్వయం:
అందరికీ నమస్కారం. ఈసారి దీపావళి ఆదివారమే వచ్చింది, 2023 నవంబర్ 12. మన తెలుగువాళ్ల వేడుకకు మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడున్నర దాకా హాలు మనది. ఒహాయోలోని కొలంబస్ చుట్టుపక్కల హైస్కూళ్లలో ఈ ఏడాది చదువుతున్న విదేశీ ఎక్స్ఛేంజ్ విద్యార్థులనూ, వాళ్లను తమ ఇంట్లో ఉంచుకున్న హోస్ట్ కుటుంబాలనూ పిలుద్దామని పోయిన మీటింగులో అనుకున్నాం. దీపావళికే ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు.

ఈ పిల్లలు ఆగస్టులో దిగారు. మొదటి నెలన్నర పసుపు బస్సు, లాకర్లు, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్, బడి వేడుకైన హోమ్‌కమింగ్ డాన్సులతో గడిచిపోతుంది. అక్టోబర్‌లో ఆ సందడి తగ్గుతుంది. నవంబర్ 5న గడియారాలు గంట వెనక్కి తిప్పుతాం కదా, ఆ తర్వాత అయిదుంపావుకే చీకటి పడుతుంది. బడి నుంచి వచ్చి గదిలో ఒక్కరే కూర్చుంటే ఇల్లు గుర్తొచ్చే రోజులవి. మన పండుగ నాటికి థాంక్స్‌గివింగ్‌కు ఇంకా పదకొండు రోజులుంటాయి. ఆ వారంలో ఒక సాయంత్రం మనం వాళ్లకు తోడుంటే బాగుంటుందని నా ఆశ.

తెలియనివాళ్ల కోసం: వీళ్లు ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకు ఇచ్చే జె-1 వీసా మీద ఒక్క విద్యా సంవత్సరానికి వస్తారు. వయసు 15 నుంచి 18½ మధ్య. హోస్ట్ కుటుంబానికి డబ్బేమీ ఇవ్వరు, ఇష్టంతోనే ఉంచుకుంటారు. కొందరు సొంత ఖర్చుతో వస్తే, కొందరు అమెరికా విదేశాంగ శాఖ స్కాలర్‌షిప్‌తో వస్తారు. 'యెస్' అనే పథకం 2002లో ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లల కోసం పెట్టారు, ఆ జాబితాలో మన దేశమూ ఉంది. 'ఫ్లెక్స్' ఎక్కువగా పాత సోవియట్ దేశాల పిల్లలది. జర్మనీతో కలిసి నడిపే పథకం 1983 నాటిది. వంటకీ, టపాసులకీ ఈ సంగతులు అవసరం, అందుకే చెప్తున్నా.

దయచేసి ఎవరూ పిల్లలకు నేరుగా మెసేజ్ పెట్టి పిలవొద్దు. ప్రతి విద్యార్థికీ ఒక లోకల్ కోఆర్డినేటర్ ఉంటారు, నెలనెలా పిల్లలతోనూ హోస్ట్ కుటుంబంతోనూ మాట్లాడటం వాళ్ల బాధ్యత. ముందు వాళ్లకు, తర్వాత హోస్ట్ తల్లిదండ్రులకు ఉత్తరం వెళ్తుంది. అది నేను రాస్తాను.

సాంస్కృతిక బృందం:
అక్కా, స్టేజి మీద 'దేశాల పరిచయం' పదిహేను నిమిషాలు పెడదామా? ఒక్కొక్కరూ వాళ్ల దేశపు దుస్తుల్లో వచ్చి, జెండా పట్టుకుని రెండు మాటలు చెప్తే ఫొటోలు బాగా వస్తాయి.

కార్యక్రమ సమన్వయం:
తమ్ముడూ, అదొక్కటీ వద్దు. నీ ఉద్దేశం మంచిదే, కానీ ఈ పిల్లలు బడిలో రోజూ చేసేది ఆ పనే. ఏ క్లాసుకెళ్లినా "మీ దేశంలో ఎలా ఉంటుంది" అని అడుగుతారు. పైగా మన పండుగ మర్నాటి నుంచే, 13 నుంచి 17 దాకా, ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్. స్కాలర్‌షిప్ పిల్లల్లో చాలామంది ఆ వారం తమ దేశం గురించి ప్రెజెంటేషన్లు ఇస్తారు. ఆదివారం సాయంత్రమైనా వాళ్లను మామూలు పదహారేళ్ల పిల్లల్లా ఉండనిద్దాం.

వాళ్లకు పని ఇద్దాం. వత్తులు వేయడం, ప్రమిదలు సర్దడం, ముగ్గులో రంగులు నింపడం, విస్తళ్లు పరచడం. మైకు ముందు నిలబడి మాట్లాడటం కన్నా, ముగ్గు దగ్గర కూర్చుని పక్కవాళ్లతో మాట్లాడటం ఏ పిల్లలకైనా తేలిక. ఎవరికైనా తమంతట తాము పాడాలనిపిస్తే స్టేజి ఎలాగూ ఉంటుంది.

యువజన విభాగం:
మా అమ్మాయి హైస్కూల్లో జూనియర్, అంటే పదకొండో తరగతి. నిన్న రాత్రి దీని గురించి తనతో చాలాసేపు మాట్లాడాను, తను చెప్పింది ఇక్కడ పెడుతున్నా. మనం చదువుకున్నప్పుడు ఏడాదంతా ఒకే గది, ఒకే క్లాసు. టీచర్లే వచ్చిపోయేవాళ్లు. పక్క బెంచీవాడితో స్నేహం దానంతటదే కుదిరేది. ఇక్కడ పీరియడ్‌కో గది, గదికో గుంపు, మధ్యలో నాలుగైదు నిమిషాలు. అందరూ నవ్వుతూ పలకరిస్తారు, కానీ ఎవరి దారి వాళ్లది. కొత్తగా వచ్చిన పిల్లలకు అన్నిటికంటే కష్టం లంచ్ అట. ట్రే పట్టుకుని ఎటు వెళ్లాలో తెలియక లైబ్రరీలో కూర్చునేవాళ్లు ఉన్నారని చెప్పింది. ఆటల్లో చేరదామంటే ఫాల్ (శరదృతువు) టీములు ఆగస్టు మొదట్లోనే కడతారు, వీళ్లు దిగేసరికే అయిపోతాయి.

కాబట్టి నా మాట వినండి. భోజనాల దగ్గర పిల్లలను వయసు బట్టి కాకుండా బడి బట్టి కూర్చోబెడదాం. ఫలానా స్కూల్లో ఇద్దరు ఎక్స్ఛేంజ్ పిల్లలు ఉంటే, అదే స్కూల్లో చదివే మన పిల్లలు వాళ్ల పక్కన. ఆదివారం కలిసి తిన్నవాళ్లు సోమవారం కెఫెటీరియాలో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. అది జరిగితేనే మనం చేసిన పనికి ఫలితం. చలికాలం ఆటల ఎంపికలు నవంబర్‌లోనే, వసంతంలో ట్రాక్ (పరుగుపందేల) టీముకు చాలా స్కూళ్లలో ఎవరినైనా తీసుకుంటారు. ఇవన్నీ మన పిల్లలే చెప్పగలరు. రిజిస్ట్రేషన్ ఫారంలో స్కూలు పేరు తప్పనిసరి చేయండి.

కార్యక్రమ సమన్వయం:
బంగారం లాంటి మాట. ఫారం ఈ రాత్రే మారుస్తాను.

వంట బృందం:
అమ్మాయ్, మెనూ ఇది: పులిహోర, గారెలు, గుత్తి వంకాయ, ముద్దపప్పు, సాంబారు, బొబ్బట్లు, పెరుగన్నం. అంతా శాకాహారమే కనుక హలాల్ ఇబ్బంది దాదాపు ఉండదు. పిల్లల బల్ల మీద పెట్టే మార్ష్‌మాలోలు, జెల్లీ మిఠాయిలు మాత్రం తీసేస్తున్నా, వాటిలో జెలటిన్ ఉంటుంది. పల్లీలు, జీడిపప్పు పడనివాళ్ల కోసం ఒక ట్రే పులిహోర పోపు అవి లేకుండా ముందే విడిగా వేరే మూకుడులో వేస్తాను. ప్రతి గిన్నె ముందూ అందులో ఏమున్నాయో ఇంగ్లీషులో రాసిన అట్ట ఉండాలి, ఎవరు రాస్తారో చెప్పండి. కారం కొంచెం తగ్గిస్తా, చప్పగా మాత్రం చేయను.

బఫే వద్దు, బంతి భోజనమే పెడదాం.

మహిళా విభాగం:
బాబాయ్ గారూ, బంతి భోజనం మంచి ఆలోచన. మా పక్కింటి అమెరికన్ వాళ్లింట్లో ఇంతకుముందు ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన హైదరాబాద్ అమ్మాయి ఉండేది. చాలా రోజులు ఫ్రిజ్ తలుపు తానుగా తీయలేదట. ఆ ఇంటావిడ "ఆకలిగా ఉందా" అని ఒక్కసారి అడిగేది, ఈ పిల్ల మొహమాటానికి "లేదు" అనేది, ఆవిడ నిజమే అనుకుని ఊరుకునేది. ఇద్దరి తప్పూ లేదు. మనలాగే మొదటి మాటకు వద్దనే అలవాటున్న పిల్లలు చాలా దేశాల నుంచి వస్తారు. వడ్డించేవాళ్లు రెండోసారి అడగాలి. జర్మనీ కుర్రాడు రెండోసారీ వద్దంటే మాత్రం నిజంగానే వద్దని, ఇంక వేయకండి.

ఇంకో మాట. వచ్చినవాళ్లలో తెలుగు పిల్ల కనబడితే మనవాళ్లంతా చుట్టుముడతారు, వారం వారం మా ఇంటికి రా అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ పిల్ల వచ్చింది ఆ కుటుంబంతో ఉండటానికి. పిలిస్తే హోస్ట్ వాళ్లతో కలిపి పిలవండి, అదీ ఎప్పుడో ఒకసారి.

హాలు, భద్రత:
అక్కా, ఒహాయోలో 2022 జులై నుంచి దీపావళి రోజున టపాసులు కాల్చడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఏ ఊరికా ఊరు వద్దనొచ్చు. హాలు ఉన్న ఊరి నిబంధన నేను సిటీ ఆఫీసులో కనుక్కుంటాను. వాళ్లు సరేనన్నా నా అభిప్రాయం ఒకటే: చప్పుడు చేసేవి ఒక్కటీ వద్దు. ఫ్లెక్స్‌లో ఉక్రెయిన్ పిల్లలు వస్తారు. యుద్ధం చూసిన పిల్ల పక్కన లక్ష్మీ బాంబు పేల్చడమేంటి? కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు చాలు. అవి కూడా ఆరింటికి మొదలని ముందే చెప్పాలి, ఇష్టం లేనివాళ్లు లోపల ఉండొచ్చు.

ఈ పిల్లలు ఇక్కడ కారు నడపకూడదు, కాబట్టి దింపడం, తీసుకెళ్లడం హోస్ట్ కుటుంబాలే. మనలో ఎవరూ మంచితనానికి పోయి కారెక్కించుకోవద్దు, హోస్ట్ వాళ్లూ కోఆర్డినేటరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. ఫొటోలకూ అంతే, ఒప్పుకున్నవాళ్లవే పేజీలో పెడదాం.

సాంస్కృతిక బృందం:
సరే అక్కా, దేశాల పరిచయం తీసేశాను. ఆ పదిహేను నిమిషాలు కోలాటానికి ఇచ్చా. కర్రలు నలభై జతలున్నాయి, రానివాళ్లకు మన పిల్లలే నేర్పుతారు. గిన్నెల ముందు అట్టలు నేను రాస్తా.

కార్యక్రమ సమన్వయం:
చాలా సంతోషం తమ్ముడూ. ఇంక మిగిలింది రిజిస్ట్రేషన్ బల్ల, ఇద్దరు కావాలి, రెండున్నరకే రావాలి. హోస్ట్ తల్లిదండ్రులను పలకరించి కూర్చోబెట్టడానికి ఇంకో ముగ్గురు. పేర్లు శుక్రవారంలోగా ఇక్కడే రాయండి.