ఫోర్‌హ్యాండ్ లూప్‌లో కాళ్ళ బలం బ్యాట్ దాకా రావాలంటే?

కుడిచేతివాటం:
అందరికీ నమస్తే. క్లబ్ స్థాయిలో టేబుల్ టెన్నిస్ ఆడుతుంటాను, బ్యాట్‌కి రెండు వైపులా ప్లెయిన్ (నున్నటి) రబ్బర్లే. నా ఫోర్‌హ్యాండ్ లూప్ (బంతిని పైకి రాస్తూ బాగా స్పిన్ ఇచ్చే షాట్) మొత్తం చేత్తోనే నడుస్తోంది. గంట ఆడేసరికి భుజం లాగేస్తుంది, అయినా ఎదుటివాళ్ళు తేలిగ్గా బ్లాక్ చేసేస్తున్నారు. "కాళ్ళు వాడు, నడుము తిప్పు" అని అందరూ అంటారు. మోకాళ్ళు వంచుతున్నాను, నడుమూ తిప్పుతున్నాను, బంతిలో మాత్రం తేడా లేదు. మీకు ఒంట్లో ఏది ముందు, ఏది తర్వాత కదిలినట్టు తెలుస్తుందో కాస్త చెప్పగలరా?

నిదానం_లూపర్:
మోకాళ్ళు వంచడం వేరు, కాలి మీద బరువు మోపడం వేరండీ. ఊరికే వంచి నిలబడితే తొడలు అలిసిపోతాయి తప్ప బంతికి ఏమీ అందదు. బంతి మీ వైపు వస్తుండగానే నడుము కుడికి తిరగాలి, ఆ తిరగడంతోనే బరువు కుడికాలి మీదికి చేరాలి. కుడి తుంటి మడత దగ్గర బిగుతు తెలియాలి. అది తెలియలేదంటే భుజాలే తిరిగాయి, తుంటి తిరగలేదన్నమాట.

అక్కడి నుంచి కుడిపాదం లోపలి అంచుతో నేలను గట్టిగా తన్నాలి. ముందు తుంటి, దాని వెనకే ఛాతీ, తర్వాత భుజం, ఆఖరున ముంజేయి. తడి తువ్వాలు విదిలిస్తే పట్టుకున్న చోట కదలిక చిన్నదే, విసురంతా కొసలో ఉంటుంది కదా, అలా. బహుశా మీ నడుమూ చెయ్యీ ఒకేసారి బయల్దేరుతున్నాయి. అప్పుడు ఒకదాని వేగం ఇంకోదానికి తోడవదు.

ప్లాస్టిక్_బాల్:
నాదొక సందేహం. బంతి బరువు 2.7 గ్రాములు. దానికి ఒంటి బరువంతా ఎందుకు? మణికట్టు విసురు చాలదా? టేబుల్‌కి దగ్గరగా ఆడేవాళ్ళకి ఇదంతా చేసే టైమ్ కూడా ఉండదు.

నిదానం_లూపర్:
బరువు బంతి మీద వేయడానికి కాదండీ. బంతి బ్యాట్‌కి తగిలి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. ఆ కాస్తలో నెట్టడం కుదరదు, అప్పటికే బ్యాట్ ఎంత వేగంలో ఉందో అదే లెక్క. ఆ వేగమంతా చెయ్యి ఒక్కటే పుట్టించాలని చూస్తే భుజం బిగుసుకుంటుంది, బిగుసుకున్న చెయ్యి ఇంకా నెమ్మదిస్తుంది. పని కాళ్ళూ తుంటీ మొదలుపెడితే చెయ్యి వదులుగా ఉండగలదు. టేబుల్ దగ్గర టైమ్ తక్కువన్నది నిజమే. అక్కడ తిరగడం చిన్నది చేసుకోవాలి, వరస మాత్రం మారదు.

పాతతరం_ఆటగాడు:
నేను 38 మి.మీ. బంతితో ఆట మొదలుపెట్టినవాణ్ణి. 2000లో 40 మి.మీ. బంతి వచ్చింది, 2008లో స్పీడ్ గ్లూ (బ్యాట్ రబ్బరుకి ఇంకా వేగం తెచ్చే జిగురు) నిషేధించారు, 2014 నుంచి ప్లాస్టిక్ బంతి. వచ్చిన ప్రతి మార్పూ స్పిన్‌ని కొంత తగ్గించింది. గ్లూ రోజుల్లో రబ్బరే బోలెడు సాయం చేసేది, ఇప్పుడా లోటు కాళ్ళతోనే పూడ్చుకోవాలి. చైనా ఆటగాడు మా లాంగ్ ఆట స్లో మోషన్‌లో చూసేటప్పుడు బ్యాట్ చూడకండి. కుడి మోకాలు, తుంటి మాత్రమే చూడండి. నాకు అలా చూశాకే ఈ విషయం ఒంటబట్టింది.

మోకాలు_భద్రం:
దయచేసి ఇది కూడా చదవండి. కుడి మడమ నేలకి అతుక్కుపోయి తుంటి మాత్రం తిరిగితే ఆ మెలి అంతా మోకాలు మోయాల్సి వస్తుంది. తన్నేటప్పుడు మడమ కాస్త లేచి, మునివేళ్ళ మీద పాదం కూడా తిరగాలి. మోకాలు ఎప్పుడూ వేళ్ళు చూసే దిక్కునే చూడాలి, లోపలికి వాలిపోకూడదు. నొప్పి మొదలైతే అక్కడితో ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.

కుడిచేతివాటం:
చాలా థాంక్స్ అండీ. బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరుగుతూ వచ్చే) బంతికి కూడా ఇదే పద్ధతా? నావి నెట్‌కి పోతున్నాయి.

షాడో_ప్రాక్టీస్:
పద్ధతి ఇదే, తన్నే దిక్కు మారుతుంది. బ్యాక్‌స్పిన్‌కి ఇంకొంచెం కిందికి కూర్చోవాలి, కుడిభుజం కూడా దిగాలి, అక్కడి నుంచి కాళ్ళు పైకీ ముందుకీ లేపాలి. టాప్‌స్పిన్ (ముందుకి తిరుగుతూ వచ్చే) బంతికి అంతగా లేవకూడదు, నడుము ముందుకి తిరిగితే చాలు. దానికీ అలాగే లేస్తే బంతి టేబుల్ దాటిపోతుంది.

బ్యాట్ పక్కన పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుడికాలి మీదికి బరువు, తుంటి తిరగడం, ఎడమకాలి మీదికి బరువు, ఇంతే అద్దం ముందు చేయండి. కుదిరాక బ్యాట్ పట్టుకుని షాడో (బంతి లేకుండా షాట్), ఆ తర్వాత మల్టీబాల్‌లో (ఒకరు వరసగా బంతులు అందిస్తుంటే) బ్యాక్‌స్పిన్ బంతులు, సగం బలంతోనే. దీన్ని వెంటనే మ్యాచ్‌లోకి తీసుకెళ్ళకండి. టెన్షన్‌లో ఒళ్ళు పాత అలవాటుకే పోతుంది.

బ్యాక్‌హ్యాండ్_అభిమాని:
బ్యాక్‌హ్యాండ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెప్తాను. ఇక్కడ బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి పెద్దగా మారదు. పొట్ట కొద్దిగా లోపలికి తీసుకుని, మోకాళ్ళు కాస్త దిగి, మోచెయ్యి ఒంటికి ముందుంచి, తుంటిని ముందుకి విప్పుతూ కొట్టాలి. చైనా ఆటగాడు ఫాన్ ఝెన్‌డాంగ్ బ్యాక్‌హ్యాండ్ చూడండి, చేతి కదలిక పొట్టిది, కింద కాళ్ళు మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

కుడిచేతివాటం:
చేతులు కట్టుకుని చేసే సాధన మొదలుపెట్టాను. తుంటి దగ్గర బిగుతు ఇప్పుడు తెలుస్తోంది, భుజం నొప్పి తగ్గింది. వేగం పెరగలేదు గానీ స్పిన్ పెరిగింది, బ్లాక్ చేసేవాళ్ళ బంతులు పైకి లేస్తున్నాయి. కానీ గట్టిగా కొట్టాక రెండో బంతికి ఆలస్యమవుతున్నాను.

నిదానం_లూపర్:
ఎడమకాలు బరువు అందుకోవడంతో ఆగకూడదండీ, అదే బ్రేక్ వేసి మిమ్మల్ని వెనక్కి తన్నాలి. షాట్ అయ్యాక తల ఎడమపాదం దాటి బయటికి వాలితే రెండో బంతి అందదు. ఫాల్కెన్‌బర్గ్ డ్రిల్ చేయండి: బ్యాక్‌హ్యాండ్ మూలలో ఒక బ్యాక్‌హ్యాండ్, అదే మూలలో పక్కకి తప్పుకుని ఫోర్‌హ్యాండ్, తర్వాత ఫోర్‌హ్యాండ్ మూలకి వెళ్ళి ఇంకో ఫోర్‌హ్యాండ్. మూడోది తడబడకుండా ఎంత బలంతో ఆడగలరో, ప్రస్తుతానికి మ్యాచ్‌లో అంత బలమే వాడండి.