న్యూరాన్లకు డీహెచ్ఏ (ఒమేగా-3 ఫ్యాటీ యాసిడ్) ఇస్తే చచ్చిపోతున్నాయి, మెంబ్రేన్ (కణం చుట్టూ ఉండే పొర) కొవ్వును అసలెలా తీసుకుంటుంది?

పెట్రీడిష్:
అందరికీ నమస్తే. ఎలుక పిండాల మెదడు నుంచి తీసిన న్యూరాన్లను సీరమ్ (రక్తం నుంచి తీసిన ద్రవం) లేని మీడియంలో, అంటే పోషక ద్రవంలో, పెంచుతున్నాను. డీహెచ్ఏని ఇథనాల్‌లో కలిపి నేరుగా మీడియంలో వేశాను. మర్నాడు పొద్దున మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నగా సాగిన యాక్సాన్లన్నీ (న్యూరాన్ల పొడవాటి తీగలు) పూసలదండల్లా ఉబ్బి, అక్కడక్కడా తెగిపోయి ఉన్నాయి. ఇథనాల్ ఒక్కటే వేసిన ప్లేటు మాత్రం బాగానే ఉంది. మా సీనియర్ ఇదే డోసు సీరమ్ ఉన్న మీడియంలో న్యూరోబ్లాస్టోమా (ఒక నరాల క్యాన్సర్) కణాలకు వేస్తే ఏమీ కాలేదట. ఎక్కడ తప్పు చేస్తున్నాను? వచ్చే వారం ప్రజెంటేషన్, చాలా టెన్షన్‌గా ఉంది.

కొవ్వుకణం:
టెన్షన్ పడకు చెల్లీ, తేడా చాలావరకు సీరమ్‌లోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌దే. ఫ్యాటీ యాసిడ్‌ని మోసే ప్రోటీన్ లేకపోతే అది నీళ్ళలో గుంపులు కట్టి సబ్బులా మెంబ్రేన్‌ని కరిగించేస్తుంది, పైగా డీహెచ్ఏకి ఆరు డబుల్ బాండ్లు, గాలి తగిలితే త్వరగా పాడైపోతుంది. ఆల్బుమిన్ దాన్ని పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. వదిలినది మెంబ్రేన్ బయటి పొరలో దూరి లోపలి పొరకు తిరుగుతుంది, అక్కడ ఎంజైములు దానికి కోఎంజైమ్-ఎ అనే చిన్న అణువును తగిలిస్తాయి. ఆ ముడి పడ్డాకే అది కణంలో నిలుస్తుంది, తర్వాత ఫాస్ఫోలిపిడ్‌లో (మెంబ్రేన్‌ని కట్టే కొవ్వు) చేరుతుంది. ముడి పడకపోతే వచ్చిన దారినే బయటికి పోగలదు. ఫ్యాటీ యాసిడ్ లేని బీఎస్ఏతో (ఆవు ఆల్బుమిన్) 37 డిగ్రీల దగ్గర కలుపు, ఒక మోల్ బీఎస్ఏకి డీహెచ్ఏ రెండు మూడు మోల్స్ మించకు. బీఎస్ఏ మాత్రమే వేసిన ప్లేటు కూడా పక్కన పెట్టు.

గ్లియాపక్షం:
పై జవాబు కరెక్టే, కానీ ప్రజెంటేషన్‌లో ఎవరైనా "బతికున్న మెదడులో కూడా ఇంతేనా" అని అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి. రక్తంలోని డీహెచ్ఏ మెదడులోకి చేరడంలో లైసోఫాస్ఫాటిడైల్‌కోలిన్ (ఒక రకం ఫాస్ఫోలిపిడ్) రూపానికి పెద్ద పాత్ర ఉంది, దాన్ని రక్తనాళాల గోడలోని ఎంఎఫ్ఎస్‌డీ2ఏ అనే ప్రోటీన్ దాటిస్తుంది. సింగపూర్ బృందం 2014లో చూపించింది ఇదే. అది లేని ఎలుకల మెదడులో డీహెచ్ఏ బాగా తగ్గిపోయింది, తల కూడా చిన్నదయింది. కొలెస్టరాల్ కథ పూర్తిగా వేరు, రక్తంలోది దాదాపు లోపలికి రానే రాదు. ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకు తోడుండే గ్లియా కణాల్లో ఒక రకం) తయారుచేసి ఏపీఓఈ అనే ప్రోటీన్ ఉన్న పొట్లాల్లో కట్టి ఇస్తాయి, న్యూరాన్ తన పైనున్న ఎల్‌డీఎల్ రిసెప్టర్, ఎల్ఆర్‌పీ1 అనే ప్రోటీన్ల సాయంతో పొట్లాన్నే లోపలికి మింగుతుంది. గ్లియా కణాలు లేకుండా పెంచిన న్యూరాన్లకు సినాప్స్‌లు (న్యూరాన్ల మధ్య కలయికలు) తక్కువగా ఏర్పడటానికి ఈ కొలెస్టరాల్ కొరతే పెద్ద కారణమని 2001లో తేలింది. గ్లియా వైపు ఎవరూ చూడరు, నాకు అదే బాధ!

పెట్రీడిష్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రేపే బీఎస్ఏతో మొదలుపెడతాను. మెంబ్రేన్‌లోకి నిజంగా వెళ్ళిందని ఎలా చూపించాలి?

కొవ్వుకణం:
కణాలను బీఎస్ఏ ఉన్న బఫర్‌తో రెండుసార్లు కడుగు, లేకపోతే పైన అంటుకున్నది కూడా లెక్కలో పడుతుంది. ఆ తర్వాత ఫాస్ఫోలిపిడ్ భాగాన్ని విడదీసి గ్యాస్ క్రోమటోగ్రఫీ (ఏ ఫ్యాటీ యాసిడ్ ఎంతుందో కొలిచే పద్ధతి) చెయ్యి. మొత్తం కొవ్వు కొలిస్తే లోపల చుక్కలుగా దాచుకున్నది కూడా కలిసిపోతుంది.