మెడీవల్ 2లో యుద్ధాలు కాస్త నిజానికి దగ్గరగా రావాలంటే ఏం మార్చాలి?

ప్రశ్న:
మెడీవల్ 2: టోటల్ వార్ అనే మధ్యయుగ యుద్ధాల కంప్యూటర్ గేమ్ ఆడుతున్నాను. కవచాలు, జెండాల మీద నాకు పేచీ లేదు. కాలమే కుదరట్లేదు. ఒక టర్న్ (మన ఎత్తు వేసే వంతు) అంటే 2 ఏళ్లు, పక్క రాజ్యం కోట దగ్గరికి చేరేసరికి 4 ఏళ్లు! యుద్ధమేమో పది నిమిషాల్లో ఖతం, ఓడిన సైన్యం తుడిచిపెట్టుకుపోతుంది. తిండి ఊసే లేదు. పెద్ద మాడ్ (గేమ్‌ని మార్చేసే అదనపు ఫైళ్ల కట్ట) వేయకుండా ఎంతవరకు సరిచేయొచ్చు?

జవాబు 1:
కాలం సంగతి ఒక్క అంకెతో తేలిపోతుంది. ఇంపీరియల్ క్యాంపెయిన్ ఫోల్డర్‌లో డిస్క్ర్_స్ట్రాట్ అనే టెక్స్ట్ ఫైలులో టర్న్‌కి ఎన్నేళ్లో చెప్పే టైమ్‌స్కేల్ 2.00 ఉంటుంది, 0.50 చేయండి. ముందు అన్‌ప్యాకర్‌తో (మూటగట్టిన గేమ్ ఫైళ్లని విప్పే ప్రోగ్రామ్) ఫైళ్లు బయటికి తీయాలి. ప్రిఫరెన్స్ ఫైలులో ఐఓ అనే విభాగం కింద ఫైల్_ఫస్ట్ = ట్రూ పెట్టాలి, లేకపోతే గేమ్ మీరు మార్చిన ఫైలు వంక కూడా చూడదు. పాత సేవ్‌కి ఇది ఎక్కదు, కొత్త క్యాంపెయిన్ మొదలెట్టాల్సిందే.

మామూలుగా క్యాలెండర్ 2 ఏళ్లు దూకినా పాత్రల వయసు టర్న్‌కి అర ఏడాదే పెరుగుతుంది. 0.50తో రెండూ కలుస్తాయి. తిరకాసు ఎక్కడంటే, 1080 నుంచి 1530 దాకా ఉన్న 225 టర్న్‌లు 900 అవుతాయి. కట్టడాలు పాత వేగంతోనే లేస్తాయి, తొలి శతాబ్దంలోనే పెద్ద కోటలన్నీ రెడీ. ఎక్స్‌పోర్ట్_డిస్క్ర్_బిల్డింగ్స్ అనే ఫైలులో కన్‌స్ట్రక్షన్ అంకెలు (కట్టడానికి పట్టే టర్న్‌లు) కూడా పెంచండి.

జవాబు 2:
ప్రాణనష్టానికి ఫైలు మార్పు అక్కర్లేదు. గ్రీకు హాప్లైట్ (డాలు, ఈటె పట్టిన కాలిబంటు) యుద్ధాల్లో సగటున గెలిచినవాళ్ల నష్టం 5 శాతం, ఓడినవాళ్లది 14 శాతం అని చరిత్రకారుల అంచనా. ఆ 14లో ఎక్కువ భాగం పారిపోతుండగా వెనక నుంచి చచ్చినవాళ్లే. గేమ్‌లో అశ్వదళాన్ని చివరిదాకా తరమనిస్తాం కాబట్టి అది 80, 90కి పోతుంది. గెలిచారని చెప్పి యుద్ధం ముగించాలా కొనసాగించాలా అని అడిగినప్పుడు ముగించేయండి. ఖైదీలు తగ్గుతారు, విడుదల సొమ్ము పోతుంది, ఓడినవాడు మళ్లీ కూడగట్టుకుని వస్తాడు. రావాలి కూడా. చుట్టుముట్టి పట్టినప్పుడు మాత్రం ఈ నియమం వదిలేయొచ్చు. క్రీ.పూ. 216లో ఇటలీలోని కేనే దగ్గర చుట్టుముట్టబడ్డ రోమన్లకి పారిపోయే దారే దొరకలేదు కదా.

ఇంకోటి, బ్యాటిల్ డిఫికల్టీ (యుద్ధాల కష్టస్థాయి) నార్మల్ దాటించొద్దు. పైన ఏఐ (కంప్యూటర్ ప్రత్యర్థి) తెలివి పెరగదు, దాని సైనికులకి బోనస్ వస్తుంది అంతే.

జవాబు 3:
తిండికి సొంత నియమం పెట్టుకోవడమే దారి. మనిషికి రోజుకి కిలో ధాన్యం, గుర్రానికి గడ్డి కాక 4-5 కిలోల గింజలు. అంటే 1,000 గుర్రాల గింజలు 4,000-5,000 మంది తిండితో సమానం. నైట్లతో (గుర్రపు యోధులు) నింపిన సైన్యాన్ని శత్రుభూమిలో ఏళ్ల తరబడి తిప్పడం కుదరని పని. 0.50 పెట్టాక వేసవి, చలికాలం టర్న్‌లు మారుతూ వస్తాయి. చలికాలం టర్న్ ముగిసేలోగా సైన్యం ఏదో ఒక పట్టణంలోనో కోటలోనో ఉండాలి, చోటు లేకపోతే వెనక్కి రావాలి. ముట్టడిలో ఉంటే రెండు అశ్వదళాల్ని రద్దు చేసేయండి. కఠినంగానే ఉంటుంది.

జవాబు 4:
చూపుని మన దళాల దగ్గరే కట్టేసే రెస్ట్రిక్ట్ కెమెరా కూడా ఆన్ చేయండి. కానీ నిజంలోలాగే సేనాని ఆజ్ఞ దళానికి ఆలస్యంగా చేరాలని పాజ్ చేసి లెక్కపెట్టుకోవడం నా దృష్టిలో దండగ. అప్పటి సేనాని ఒక్కో దళాన్నీ నడిపేవాడు కాదు, పార్శ్వాన్ని ఒకరికి అప్పగించి వదిలేసేవాడు. కింది అధికారి సొంతంగా ఆలోచించని గేమ్‌లో ఆలస్యం పెడితే సైనికులు నిలబడి చావడమే మిగులుతుంది. ఆ ముచ్చట కావాలంటే స్కర్జ్ ఆఫ్ వార్: గెటిస్‌బర్గ్ అనే అమెరికా అంతర్యుద్ధపు గేమ్ చూడండి. అందులో ఆజ్ఞల్ని వార్తాహరుల చేత పంపే ఏర్పాటుంది, వాళ్లు చేరేలోగా కింది కమాండర్లు తమ నిర్ణయాలు తాము తీసుకుంటారు.