అన్నం మానేశాక తగ్గింది కొవ్వా, కండా? మిషన్ మాట నమ్మాలా?

రొయ్యలరాయుడు (ఇందుకూరుపేట):
అందరికీ నమస్కారం. వయసు 36. రొయ్యల చెరువులు చూసుకుంటా కాబట్టి నిద్రకి వేళాపాళా ఉండదు. ఐదు వారాల కిందట అన్నం, ఇడ్లీ, దోసె, టీలో చక్కెర అన్నీ బంద్ పెట్టా. నెల్లూరు జిల్లాలో పుట్టి అన్నం వద్దంటే ఇంట్లో ఎంత గొడవో చెప్పక్కర్లేదు, మా అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. 86 కిలోలు ఉన్నవాణ్ణి 80కి వచ్చా. జిమ్‌లో చేతులతో పట్టుకుని నిలబడే మిషన్ ఉంటుంది కదా, మొదటి రోజు అది ఎక్కా, మొన్న మళ్ళీ ఎక్కా. కొవ్వు 3.1 కిలోలు, కండ 2.8 కిలోలు తగ్గిందని చీటీ ఇచ్చింది. అంటే పోయినదాంట్లో దాదాపు సగం కండే! కోచ్ ఏమో రేపట్నుంచే అన్నం తిను అంటాడు. ఈ డైట్ చెప్పిన ఫ్రెండ్ ఏమో ఒళ్ళు కీటోన్లకి (పిండి అందనప్పుడు కొవ్వులోంచి ఒళ్ళు చేసుకునే ఇంధనం) అలవాటు పడ్డాక కండ జోలికి పోదు, ఆగు అంటాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?

మొలగొలుకులు:
నేను అన్నం పార్టీ, ముందే చెప్తున్నా. స్కూల్లో పీఈటీ మాస్టర్‌ని, పాతికేళ్ళుగా పిల్లల్ని పరిగెత్తిస్తున్నా. బరువులెత్తేటప్పుడు కండకి ఇంధనం గ్లైకోజన్, అంటే ఒంట్లో నిలవ ఉండే చక్కెర, అది అన్నంలోంచే వస్తుంది. అది లేకపోతే మూడో సెట్టుకే చేతులు వణుకుతాయి. పిండి పదార్థం బాగా తగ్గిస్తే మెదడుకి కావాల్సిన గ్లూకోజు కోసం కాలేయం ప్రొటీన్ని కరిగించి చక్కెర చేసుకుంటుంది. 2016లో అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ళు, కెవిన్ హాల్ బృందం, 17 మంది మగవాళ్ళని గదుల్లో పెట్టి తూచి తిండి పెట్టారు. కేలరీలు మార్చకుండా కీటో డైట్‌కి (పిండి బాగా తక్కువ, కొవ్వు ఎక్కువ) మార్చితే బరువు చకచకా పడింది కానీ కొవ్వు కరగడం మొదట్లో నెమ్మదించింది, ప్రొటీన్ నష్టం పెరిగింది. ఇంక ఎందుకు ఈ బాధ, రాత్రి చారన్నం తిని పడుకో.

కొబ్బరినూనె_కావలి:
మాస్టారూ, సగమే చెప్తే ఎట్టా? ఆ ప్రొటీన్ నష్టం మొదట్లో కొన్నాళ్ళే, తర్వాత తగ్గిపోయిందని కూడా అందులోనే ఉంది. కీటోన్లు పెరిగితే మెదడు వాటిని వాడుకుంటుంది, ప్రొటీన్ని కరిగించే పని తగ్గుతుంది. వీరమాచనేని గారి డైట్ ఊపులో ఉన్న రోజుల్లో నేనూ చేశా. రోజుకి 70 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. మూడు నెలల్లో 11 కిలోలు పోయాయి, యూరియా బస్తా ఎత్తడంలో ఏ తేడా లేదు. రాయుడు అన్నా, నువ్వు కదలొద్దు.

గిత్త_ఒంగోలు:
మా ఒంగోలు గిత్త ఏ ప్రొటీన్ పొడి తాగి బండ లాగుతుందో చెప్పండి. గడ్డి, ఉలవలు. అంతే. మీకెందుకీ లెక్కలు.

డైటు_అక్క (ఒంగోలు):
గిత్త తమ్ముడూ, గిత్త పొట్టలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి, గడ్డి తిని అవి పెరుగుతాయి, వాటిని గిత్త అరిగించుకుంటుంది. నీ పొట్టలో ఆ ఏర్పాటు లేదు.

ఇక రాయుడి సంగతి. నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని, రోజుకి నలుగురైనా ఈ చీటీ పట్టుకుని వస్తారు. ఆ మిషన్ కండని చూడదు నాయనా. ఒంట్లోకి కొద్దిగా కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోయిందో చూసి నీళ్ళెంతో అంచనా వేస్తుంది, దాన్నిబట్టి కండ లెక్క కడుతుంది. కాలేయంలో, కండల్లో కలిపి ఓ అర కిలో గ్లైకోజన్ ఉంటుంది అనుకో, ప్రతి గ్రాముతో పాటు ఇంచుమించు మూడు గ్రాముల నీళ్ళు నిలవ ఉంటాయి. అన్నం మానితే ఆ నిలవ చాలావరకు ఖాళీ. ఇన్సులిన్ తగ్గడంతో ఉప్పు, దాంతో మరికొన్ని నీళ్ళు మూత్రంలో పోతాయి. అంటే నీ 2.8లో ఒకటిన్నర రెండు కిలోలు నీళ్ళే అయి ఉండొచ్చు. రొయ్యలకి శాంప్లింగ్ ఒక మూల ఒక్క వల విసిరి పంట మొత్తం లెక్క కడతావా? ఇదీ అంతే.

కానీ మిగతాది నిజంగా కండే కావచ్చు. అందుకే అడుగుతున్నా, రోజూ ఏం తింటున్నావు, బరువులు ఎన్ని రోజులు ఎత్తుతున్నావు? నిజం చెప్పు.

రొయ్యలరాయుడు:
పొద్దున రెండు గుడ్లు. మధ్యాహ్నం కోడికూర మూడు ముక్కలు, కీర దోసకాయ, కప్పు పెరుగు. రాత్రి సూపు, కొబ్బరి నూనె. నీరసంగా ఉందని మూడు వారాలుగా కాళ్ళ వ్యాయామం ఆపేశా, చేతులవి మాత్రం చేస్తున్నా.

డైటు_అక్క (ఒంగోలు):
అదిగో! గుడ్లలో 12 గ్రాములు, కోడి ముక్కలకి ఓ 20, పెరుగులో నాలుగైదు, సూపుకి కాస్త. 40 దాటదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్ళు 2020లో మామూలు మనిషికి చెప్పింది కిలో బరువుకి 0.83 గ్రాములు, నీకు 66 అవుతుంది. తిండి తగ్గించి బరువులెత్తేవాడికి ఇంకా ఎక్కువ కావాలి, కిలోకి 1.6 పెట్టుకుంటే 128. చెరువులో వేసే మేత బస్తా మీద ప్రొటీన్ 35 శాతం ఉందా లేదా అని చూసి మరీ కొంటావు కదా, నీ ఒంటికి మాత్రం ఆ లెక్క లేదా?

మొలగొలుకులు:
ఈ మాట ఒప్పుకుంటా. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో 40 మంది కుర్రాళ్ళకి కేలరీలు 40 శాతం కోసేసి, వారానికి ఆరు రోజులు గట్టిగా వ్యాయామం చేయించారు. నాలుగు వారాల్లో కిలోకి 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవాళ్ళకి కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది, 1.2 గ్రాములు తిన్నవాళ్ళకి 0.1 మాత్రమే. కానీ ఒకటి గమనించండి, రెండు గుంపులూ పిండి పదార్థాలు బాగానే తిన్నాయి. మా అన్నం అడ్డు రాలేదు!

కొబ్బరినూనె_కావలి:
అడ్డు రాలేదు సరే, అవసరమని కూడా తేలలేదుగా. అన్నం మొదలుపెడితే మన వాళ్ళు ఒక గరిటెతో ఆగుతారా? చేపల పులుసు కనిపిస్తే మూడోసారి వడ్డించుకునే జాతి మనది. మానేయడం తేలిక, కొలిచి తినడం కష్టం. నా వాదన అంతే.

కనిగిరి_అమ్మాయి:
మేం నీచు ముట్టం. పప్పు తింటే దాంతో పాటు పిండి కూడా వస్తుంది, ఏం చేయాలి? మా అమ్మకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది, తనూ అన్నం మానేస్తానంటోంది.

డైటు_అక్క (ఒంగోలు):
మీల్‌మేకర్ 100 గ్రాముల్లో 50 దాకా ప్రొటీన్ ఉంటుంది, పనీరు, గట్టి పెరుగు కూడా చూడమ్మా. మీ అమ్మగారిని మాత్రం డాక్టర్‌ని అడక్కుండా మాననివ్వొద్దు. ఇన్సులిన్ డోసు తగ్గించకుండా అన్నం తీసేస్తే చక్కెర పడిపోతుంది. కొన్ని షుగర్ మాత్రలతో ఈ డైట్ చేస్తే చక్కెర మామూలుగా ఉన్నా రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్పకుండా ప్రొటీన్ పెంచొద్దు.

రొయ్యలరాయుడు (పది రోజుల తర్వాత):
అక్కా, తమాషా జరిగింది. కోవూరులో చుట్టాల పెళ్ళి. రెండు రోజులు అన్నం, పులిహోర, మలై కాజా, ఏదీ వదల్లేదు. మూడో రోజు మిషన్ ఎక్కితే కండ 1.6 కిలోలు పెరిగిందట!

మొలగొలుకులు:
చూశావా అబ్బయ్యా, అన్నం మహిమ!

కొబ్బరినూనె_కావలి:
రెండు రోజుల్లో కిలోన్నర కండ వస్తే జిమ్‌లు మూసేసి కల్యాణ మండపాలు కట్టాలి మాస్టారూ. అది నీళ్ళు.

రొయ్యలరాయుడు:
నాకూ అదే అర్థమైంది. చీటీ పక్కన పెట్టి బరువులు చూసుకున్నా. బెంచి మీద 60 కిలోలు ఎనిమిది సార్లు, మొదటి రోజు లాగానే ఎత్తా. స్క్వాట్ మాత్రం పది కిలోలు పడిపోయింది. కాళ్ళ వ్యాయామం ఆపిన పాపం అది, దానికి అన్నాన్ని అనలేను. వ్యాయామం ఉన్న రోజు మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, మిగతా రోజులు లేదు, కావలి అన్న తిట్టుకున్నా సరే. ప్రొటీన్ 110 దాకా లాగుతున్నా. చెరువు రొయ్యలు పావు కిలో ఒలిచింది తింటే 50 వచ్చేస్తోంది. కానీ రోజూ రొయ్యల ఇగురు అంటే వారానికే మొహం మొత్తింది, నెల్లూరు చుట్టుపక్కల మంచి కొరమేను ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పండి.